పులిసిన నీళ్ళు

ఫిబ్రవరి 6

పిన్నీ,

నీ చెవులు ఎలా ఉన్నాయి? ముప్పై ఏళ్ళు జనం నోళ్ళలో ఆ డ్రిల్లు గీపెట్టించావు, చివరికి అది నీ చెవులే తినేసింది. మెసేజీల చిన్నక్షరాలేమో నీ కళ్ళకి ఆనవు. ఫోన్లో ఐదు నిమిషాల్లో తెమిలే కబుర్లు ఇప్పుడు కాగితం మీద రాయాల్సి వస్తోంది. ఒకందుకు మంచిదేలే. ఫోన్లో అయితే "బావున్నా" అని పెట్టేసేదాన్ని. ఆ ఒక్క మాట రాసి కవరు అంటించాలంటే సిగ్గేస్తుంది.

స్విమ్మింగ్ పూల్లో ఈత నేర్పే పని జోరుగా ఉంది. నా జట్టులో ఇప్పుడు ఎనిమిది మంది ఆడపిల్లలు. మార్చి చివర్లో పెద్ద పోటీలు. మా పూల్ నుంచి ఒక జట్టు వెళ్ళడం ఇదే మొదటిసారి. మా మేనేజరు అప్పుడే బ్యానర్ కట్టించేశాడు, గెలిచి వచ్చేసినట్టు. పిల్లలకి కొత్త ఈత బట్టలు కొన్నాం, రెండు నెలలకే రంగు వెలిసి తుడుపు గుడ్డల్లా తయారయ్యాయి. నాసిరకం అంటగట్టాడని కొట్టతనితో పెద్ద గొడవ పడ్డాను.

అసలు సంగతికి వస్తా. నా పళ్ళు జివ్వుమంటున్నాయి. చల్లనీళ్ళకే కాదు, నోటితో గాలి పీల్చినా అంతే. ముందు పళ్ళ అంచులు పల్చబడి అవతలి వెలుతురు కనపడేలా ఉన్నాయి. నాలుక తగిలితే గరుకు. ఫోటో తీసి నీ ఫోన్‌కి పంపా. ఇక్కడ ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళమనకు. సొంత పిన్నిని పెట్టుకుని పరాయివాళ్ళ ముందు నోరు తెరవడం నామోషీ.

నీ చేప


ఫిబ్రవరి 13

చేపా,

ఫోటో చూశాను. కళ్ళజోడు మార్చి మళ్ళీ చూశాను. నవ్వుతూ తీశావు గానీ నాకు నవ్వు రాలేదు.

పంటి మీద పింగాణీ లాంటి పొర ఒకటి ఉంటుంది, ఎనామిల్ అంటాం. మన ఒంట్లో దానికంటే గట్టిది లేదు. కానీ ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే మానుతుంది, ఈ పొర మాత్రం పోతే పోయినట్టే. ఒంటికి దాన్ని మళ్ళీ తయారు చేసుకోవడం చేతకాదు. నీ పళ్ళు పుచ్చలేదు. అరిగాయి. దేనిదో పులుపు తగిలి ఆ పొర కరిగింది.

పొద్దున్నే పరగడుపున నిమ్మరసం తాగుతావుగా, అది మానెయ్. మానలేకపోతే గడగడా తాగేసి వెంటనే మంచినీళ్ళతో పుక్కిలించు. చప్పరిస్తూ కూచోకు. ఆ వెంటనే బ్రష్ చెయ్యకు. పులుపు తగిలిన పొర కాసేపు మెత్తబడి ఉంటుంది, ఆ టైములో తోమితే నువ్వే గోకి పారేసినట్టు. గంటాగు. మెత్తటి బ్రష్ కొనుక్కో, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడు. చిన్నప్పుడు నువ్వు పళ్ళు తోముకుంటుంటే వంటింట్లో మాడిన గిన్నె తోముతున్నట్టు చప్పుడొచ్చేది.

ఇంకొకటి అడుగుతా, ఏమీ అనుకోకు. తిన్నాక వాంతులు అవుతున్నాయా? ఎవరికీ తెలియకుండా? అయితే నాకు రాయి. నేనేమీ అనను.

ఇక్కడ నా సంగతి: నొప్పెడితే అరిచినా లాభం లేదు, చెయ్యెత్తండి అని రోగులకి ముందే చెప్తున్నాను. నిన్న ఒకాయన చెయ్యెత్తాడు. అది మర్చిపోయి, వీడ్కోలు చెప్తున్నాడేమోనని నేనూ చెయ్యూపాను. పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

పిన్ని


ఫిబ్రవరి 22

పిన్నీ,

నువ్వు అమ్మకి ఏం చెప్పావు?

గురువారం సాయంత్రం పూల్ నుంచి వచ్చేసరికి నా గది గుమ్మం ముందు అమ్మ బ్యాగు మీద కూచుని ఉంది. కబురు లేదు, కాకరకాయ లేదు. లోపలికి రాగానే నా మొహం చూడలేదు, పొట్ట చూసింది.

"ఎవరతను?" అంది.

"ఎవరు?"

"దాచకే. నేను తిట్టను, కొట్టను. పేరు చెప్పు చాలు. పెద్దవాళ్ళతో మాట్లాడి ఈ నెల్లోనే పెళ్ళి చేసేద్దాం."

నాకు బుర్ర పనిచెయ్యడానికి ఐదు నిమిషాలు పట్టింది. లేడమ్మా, ఎవడూ లేడు అంటే, "మోసం చేసి పోయాడా?" అని బోరున ఏడ్చింది. పక్క గది టీచరుగారు మంచినీళ్ళు పట్టుకొచ్చింది. ఇప్పుడు ఆవిడ నన్ను చూసి మెట్లు నెమ్మదిగా దిగమంటోంది.

మూడు రోజులుగా అమ్మ ఇక్కడే ఉంది. నేను బాత్రూంలోకి వెళ్తే తలుపుకి చెవి ఆనించి నిలబడుతోంది. అన్నం రెండుసార్లు పెడుతోంది, ఇద్దరికి సరిపోవాలిట. అంతా నువ్వే చెప్పావంది. నేనేమీ అనను అన్నావు. నిజమే, నువ్వు అనలేదు. అమ్మ చేత అనిపించావు.


మార్చి 1

చేపా,

తప్పు నాదే. ఎలా జరిగిందో విను.

ఆదివారం అక్క వచ్చింది. పిల్ల ఎలా ఉందంది. మనసులో అదే మెదులుతోందేమో, వాంతులవుతున్నాయేమోనని అనుమానంగా ఉందక్కా, నెమ్మదిగా కనుక్కో అన్నాను. ఆ మాట నోరు జారడమే తప్పు. తర్వాత అక్క ఏదో అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి" అని నాకు వినపడింది. "రెండు మూడు నెలలై ఉంటుంది" అన్నాను. అక్క కుర్చీలో కూలబడింది. చెల్లెలి దగ్గర కన్నీళ్ళేంటి, నయమవుతుందిలే అని కాఫీ కూడా ఇచ్చాను. ఆవిడ అడిగింది "ఎన్నో నెల" అని మొన్న నీ ఉత్తరం చదివాకే అర్థమైంది.

ఆవిడకి నేను విడిగా రాశాను. ఇప్పుడు నా అసలు అనుమానం నీకు తిన్నగా చెప్తా. ఈతలో, డాన్సులో ఉన్న పిల్లలు కొందరు బరువు పెరుగుతామన్న భయంతో తిన్నది కావాలని కక్కేస్తుంటారు. ఎందర్నో చూశాను. వాళ్ళ పళ్ళు నీ పళ్ళలాగే పల్చబడతాయి. అదేనేమోనని భయపడ్డాను.

ఒక పని చెయ్యి. చిన్న అద్దం పెట్టి పై ముందు పళ్ళ లోపలి వైపు చూసుకో. కడుపులోంచి వచ్చే పులుపు లోపలి వైపు తినేస్తుంది. బయటి నుంచి తగిలేది బయటి వైపు తింటుంది. ఫోటోలో నాకు బయటి వైపే కనపడింది. రెండో వైపు చూడకుండా అనుమానపడ్డాను, డాక్టరుగా అది నా తొందరపాటు.

పిన్ని


మార్చి 5

పిన్నిగారికి,

అమ్మ నిన్న వెళ్ళింది.

తిన్నది కక్కుకుంటూ అందరికీ అబద్ధం చెప్పే మనిషినని అనుకున్నావు నువ్వు. అమ్మే నయం. ఆవిడ కనీసం నాకు తోడు ఒకడున్నాడనుకుంది.

అద్దం పెట్టి చూసుకోను. నేను నిజం చెప్తున్నానో లేదో నా పళ్ళని అడగక్కర్లేదు. కొన్నాళ్ళు రాయొద్దు.


మార్చి 12

పిన్నీ,

రాయొద్దన్నదీ నేనే, రాస్తున్నదీ నేనే.

జట్టులో అందరికంటే చిన్నదాన్ని బుడగ అంటాం. శుక్రవారం ఈత అయ్యాక జామకాయ కొరికింది, ముందు పంటి అంచు పెళుసుగా విరిగి చేతిలో పడింది. ఏడవలేదు, అందరికీ చూపించుకుంది. మంచినీళ్ళు తాగబోయి మాత్రం కెవ్వుమంది. "నీళ్ళు తాగితే నాకూ అలాగే ఉంటుందక్కా" అని ఇంకొకత్తి అంది. ఇంకెవరికి అని అడిగితే ఒక్కొక్కటే చేతులు లేచాయి. ఎనిమిది మందిలో ఆరుగురు. ఇన్నాళ్ళూ పంటి బిగువున ఓర్చుకుంటున్నారు, చెప్తే పోటీలకి తీసుకెళ్ళనేమోనని.

అప్పుడు తీశాను అద్దం. నా పళ్ళ లోపలి వైపు నున్నగా, ఎప్పటిలాగే ఉంది. బయటి వైపు మాత్రం మెరుపు లేదు, సుద్దలా ఉంది. ఆరుగురూ కలిసి నిమ్మరసం తాగరు కదా పిన్నీ. ఆరుగురూ, నేనూ కలిసి చేసేది ఒకటే, ఆ నీళ్ళలో మునగడం.

వెలిసిపోయిన బట్టలు గుర్తొచ్చాయి. మెట్ల దగ్గర పలకల మధ్య సిమెంటు వేలితో గీకితే రాలుతోంది. సీసాలో నీళ్ళు పట్టుకుని అలంకారపు చేపలు అమ్మే కొట్టుకి వెళ్ళాను. ఆ కొట్టావిడ ఒక కాగితం ముక్క నీళ్ళలో ముంచింది. రంగుల అట్ట మీద అది పులుపు వైపు చిట్టచివరి గడి దగ్గర ఆగింది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఇందులో చేపని వేస్తే సాయంత్రానికి తేలుతుంది" అంది.

మా పూల్లో నీళ్ళు సమంగా ఉండేలా తగినంత యాసిడ్ దానంతటదే వేసే కొత్త మిషను పెట్టారు, నాలుగు నెలలైంది. నీళ్ళు ఎలా ఉన్నాయో దాని తెరమీద అంకె చూపిస్తుంది. పంపులు చూసే పెద్దాయన, అందరం మామయ్య అంటాం, ఆయనా నేనూ కలిసి నీళ్ళలో మునిగి ఉండే దాని కొలత ముల్లు తీసి మంచినీళ్ళలో పెట్టాం, నిమ్మరసంలో పెట్టాం. అదే అంకె, అదే పచ్చ లైటు. ముల్లు ఎప్పుడో చచ్చిపోయింది. యాసిడ్ మాత్రం పడుతూనే ఉంది. మామయ్య అక్కడే గట్టు మీద కూచుండిపోయాడు. ఆయన మనవరాలు కూడా మా జట్టులోనే ఉంది.

మేనేజరు దగ్గరికి వెళ్ళాను. "పచ్చ లైటు వెలుగుతోంది కదమ్మా" అన్నాడు. చేపల కొట్టు కాగితంతో పూల్ మూసేస్తారా అన్నాడు. పోటీలయ్యాక చూద్దాంలే అన్నాడు. నేను పిల్లల్ని నీళ్ళలోంచి బయటికి తీసుకొచ్చేశాను. ఇప్పుడు వాళ్ళ అమ్మానాన్నలు నా మీద మండిపడుతున్నారు. "పన్ను పోతే కట్టించుకోవచ్చు, ఈ పోటీలు మళ్ళీ వస్తాయా?" అన్నాడు ఒక తండ్రి.

డాక్టరుగా సంతకం పెట్టి ఒక ఉత్తరం పంపు. నీ మీద కోపం తగ్గలేదు. కానీ ఈ పనికి నువ్వే కావాలి.

చేప


మార్చి 15

చేపా,

ఉత్తరం పంపను. సంతకం చూసి ఎవరూ పూల్ ముయ్యరు. శనివారం పొద్దున నేనే వస్తాను. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ అందర్నీ పూల్ దగ్గరికి రమ్మను. మేనేజర్ని కూడా. మంచి వెలుతురున్న చోట ఒక కుర్చీ వేయించు, చాలు.

ఈలోపు ఎవరూ గట్టిగా తోముకోవద్దు. చల్లనివి, పుల్లనివి వద్దు. పేస్టు వేళ్ళతో రాసి, ఉమ్మేసి, పుక్కిలించకుండా వదిలెయ్యమను.

కోపం తగ్గాకే మాట్లాడాలని రూలేమీ లేదు. కోపంతోనే రా, బస్టాండుకి.

పిన్ని


మార్చి 24

చేపా,

క్షేమంగా చేరాను. మీ మేనేజరు అన్నదాంట్లో సగం నాకు వినపడలేదు, అదే మంచిదైంది. వినపడితే పోట్లాడేదాన్ని, చూపించేదాన్ని కాదు.

ఆ పోటీల తండ్రిని నా పక్కనే నిలబెట్టి, టార్చి ఆయన చేతికే ఇచ్చి, కూతురి పంటి వెనక పెట్టమన్నాను. వెలుతురు పంటిలోంచి బయటికి వచ్చేసరికి ఆయన టార్చి ఆర్పి, మళ్ళీ వెలిగించి చూశాడు. "ఈ పిల్లకి పదకొండేళ్ళు. ఈ పళ్ళతోనే ముసలిదవ్వాలి" అన్నాను, అంతే. తర్వాత మేనేజర్ని కూడా నోరు తెరవండి అన్నాను. ఆయన ఎప్పుడూ ఆ నీళ్ళలో దిగలేదని ఆయన పళ్ళే చెప్పాయి. మెరిసిపోతున్నాయి. నేను బస్సెక్కేలోపే పూల్ ఖాళీ చేస్తున్నారని నువ్వు చెయ్యూపి చెప్పావు చూడు, ఆ ఒక్కటీ చెవులు లేకుండానే వినపడింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఊగిసలాడాను.

ఏడుగురు పిల్లలకి పళ్ళు బయటి వైపే అరిగాయి. ఎనిమిదో పిల్ల, మీరు నిచ్చెన అని పిలిచే పొడుగు పిల్ల, ఆమెకి లోపలి వైపు కూడా అరిగాయి. బాగా. బయటి వైపుకంటే ఎక్కువ. నీ విషయంలో నేను పొరపాటు పడ్డదే ఆ పిల్ల నోట్లో కనపడింది. నేను అద్దం తీస్తుంటే నా మొహంలోకి చూసింది. నాకు తెలిసిపోయిందని దానికి తెలిసిపోయింది.

అక్కడ ఎవరికీ చెప్పలేదు. పక్కనే వాళ్ళమ్మ ఉంది, అయినా చెప్పలేదు. కడుపులో పుల్లనీళ్ళు పైకి తన్నే జబ్బు ఉన్నా అలాగే అరుగుతాయి, అది కూడా కావచ్చు. అందుకే తేల్చి అనను. కానీ రెండింటిలో ఏదైనా వదిలెయ్యకూడదు. కావాలని కక్కుకోవడమే అయితే పళ్ళ కంటే గుండెకి ప్రమాదం. నెలలు ఆగే విషయం కాదు, డాక్టరు చూడాలి.

ఆ పిల్లకి నేను పరాయిదాన్ని. నువ్వు కాదు. నువ్వు అడుగు. నేను అడిగినట్టు మాత్రం అడగకు.

పిన్ని


ఏప్రిల్ 21

పిన్నీ,

ఆలస్యమైంది. ఏమీ తేలకుండా రాయబుద్ధి కాలేదు.

పోటీలకి వెళ్ళలేదు. బ్యానర్ మేనేజరే విప్పించాడు. ఇద్దరు పిల్లల్ని వాళ్ళ అమ్మానాన్నలు వేరే పూల్‌కి మార్చేశారు. వాళ్ళని తప్పు పట్టలేను. మిగతావాళ్ళం ఎండిపోయిన పూల్ గట్టు మీద వ్యాయామాలు చేసుకుంటూ ఉండిపోయాం.

నీ ఉత్తరం అందిన రోజు సాయంత్రం నిచ్చెనని ఉండమన్నాను. అడుగున పనివాళ్ళు పలకలు మారుస్తున్నారు. ఇద్దరం గట్టు మీద కాళ్ళు వేలాడేసుకుని కూచున్నాం.

"నిన్నొకటి అడుగుతా. నీకు కోపం రావచ్చు. నాకూ వచ్చింది" అన్నాను.

"ఎప్పుడక్కా?"

"మా పిన్ని నన్ను అడిగినప్పుడు. తిన్నది కావాలని కక్కేస్తున్నావా అంది. నేను అలా చెయ్యడం లేదు. కానీ ఆవిడ అడిగిన తీరుకి వారం రోజులు పళ్ళు నూరాను. మా అమ్మయితే నాకు కడుపనుకుంది." మొత్తం కథ చెప్పాను, తలుపుకి చెవి ఆనించడం, ఇద్దరికి అన్నం, పక్క గది టీచరు, అంతా.

పడీ పడీ నవ్వింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది.

"నేను చేస్తున్నాననుకో," అంది, "అప్పుడు?"

"అప్పుడు మనిద్దరం ఇక్కడే ఇంకాసేపు కూచుంటాం" అన్నాను.

చీకటి పడేదాకా కూచున్నాం. సోమవారం తూకం అంటే ఆదివారం పొద్దున్నుంచే అది తిన్న ప్రతి ముద్దా లెక్కపెట్టుకుంటుందట. నీళ్ళలో దిగేముందు పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి తూచేది నేనే పిన్నీ. అంకె పైకి చదివేది కూడా నేనే. తగ్గితే "భలే" అనేదాన్ని. ఏ ఆలోచనా లేకుండా అనేదాన్ని. ఆ తూకం మిషను మర్నాడే తీయించేశాను.

"ఎవరికి చెప్పారక్కా?" అంది చివరికి.

"ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పాలి. పక్కన నేనుంటా."

వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది. మేం వెళ్ళేసరికి మిషను మీదే ఉంది. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ రెండు వాక్యాల్లో చెప్పేసింది. నేను తిట్లకి సిద్ధపడి ఉన్నాను. ఆవిడ కాలు తీసి మిషను ఆపి, ఒక్కటే అడిగింది. "నేను వండేది బాగుండట్లేదా అమ్మా?" అంది. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తుంటే నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను.

డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు, వారానికోసారి మాట్లాడే ఆవిడ దగ్గరికి కూడా. తేలిగ్గా లేదు. పది రోజులు బావుండి మొన్న మళ్ళీ అయింది. అయిందని తనే వచ్చి చెప్పింది. నువ్వు నాకు నేర్పినట్టే చెప్పాను, అయిన వెంటనే బ్రష్ పట్టుకోకు, మంచినీళ్ళతో పుక్కిలించి గంటాగు అని. "పోయిన పొర తిరిగి రాదా?" అంది. రాదన్నాను. "ఉన్నది?" అంది. అది మన చేతుల్లో ఉందన్నాను. నీ మాటలే. దాని పళ్ళకి ఏదైనా పూత వెయ్యాలా అని డాక్టరమ్మ అడుగుతోంది, నువ్వు ఒకసారి చూడాలి.

అమ్మ ఫోన్ చేస్తోంది రోజూ. నా పళ్ళ గురించి అడిగి, కాస్త ఆగి, "మరి నిజంగా ఎవరూ లేరా?" అంటోంది. ఈసారి గొంతులో కాస్త నిరాశ ఉంది.

నిన్న పూల్ తెరిచారు. కొత్త ముల్లు పెట్టారు. అది ఏం చెప్పినా సరే, మామయ్య పొద్దునా సాయంత్రం కాగితంతో చూసి అంకె పలక మీద రాస్తున్నాడు, అమ్మానాన్నలు వచ్చి చదువుకుంటున్నారు. పిల్లలు దిగారు. నిచ్చెన ఎక్కువసేపు ఈదలేదు, డాక్టరు వద్దంది. అటు రెండు, ఇటు రెండు, అంతే. బయటికి వచ్చి తువ్వాలు చుట్టుకుని, జట్టంతా వినేలా, "అక్కా, ఆకలేస్తోంది" అంది.

నా టిఫిన్ డబ్బా ఇచ్చాను. నేను అటు తిరిగి పిల్లల్ని చూస్తున్నట్టు నిలబడ్డాను, చూస్తున్నది దాన్నే. సగం తిని మూత పెట్టబోయింది. ఆగింది. మళ్ళీ తీసి, నింపాదిగా నములుతూ, మిగతాది కూడా తినేసింది.

నీ చేప